హైదరాబాదు – జెడ్డా విమాన ప్రయాణం: దూరం, కాలం, గడియారం

హజ్, ఉమ్రా యాత్రల కొరకు, ఉపాధి నిమిత్తం హైదరాబాదు పాత నగరం నుండి ప్రతి ఏటా పెద్ద సంఖ్యలో ప్రజలు సౌదీ అరేబియాకు బయలుదేరుతుంటారు. ఒకప్పుడు యాత్రికులు రైలులో ముంబాయి చేరి, అక్కడి నుండి ఓడలో జెడ్డాకు వెళ్లేవారు. సముద్రంపైనే వారం రోజులకు పైగా గడిచేది. 1995లో ఓడ ప్రయాణం నిలిచిపోయిన తరువాత హజ్ యాత్ర పూర్తిగా విమానాల ద్వారానే సాగుతున్నది.

హైదరాబాదు, జెడ్డా విమానాశ్రయాల మధ్య భూగోళంపై అతి తక్కువ దూరం సుమారు 4,135 కిలోమీటర్లు. విమానాలు నిర్దేశిత వాయుమార్గాలను అనుసరించవలసి ఉన్నందున వాస్తవంగా ప్రయాణించే దూరం ఇంతకన్నా కొంత ఎక్కువగా ఉంటుంది. జెట్ విమానం గంటకు 850 నుండి 900 కిలోమీటర్ల వేగంతో పయనించినప్పటికీ, పైకి లేచే, కిందికి దిగే దశలలో వేగం తక్కువ. అందువలన నేరుగా వెళ్లే విమానానికి సాధారణంగా ఐదు నుండి ఆరు గంటలు పడుతుంది.

గాలుల ప్రభావం కూడా గమనించదగినది. శీతాకాలంలో ఎగువ వాతావరణంలో పడమటి గాలులు వీస్తాయి కనుక వెళ్లేటప్పుడు కాలం ఎక్కువగా, తిరిగి వచ్చేటప్పుడు తక్కువగా పడుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు ద్వీపకల్పంపై చాలా ఎత్తున తూర్పు గాలులు బలపడినందున ఈ వ్యత్యాసం తగ్గుతుంది. హజ్ చాంద్రమానం ప్రకారం ఏటా 10 లేక 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2006లో జనవరిలోనూ, తిరిగి డిసెంబరులోనూ జరిగిన హజ్, 2024లో జూన్‌లో జరిగినది.

సౌదీ కాలమానం భారత కాలమానం కన్నా రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. ఉదయం 6.00 గంటలకు హైదరాబాదులో బయలుదేరి 5 గంటల 45 నిమిషాలు పయనించిన విమానం జెడ్డాలో స్థానిక కాలమానం ప్రకారం 9.15 గంటలకే దిగుతుంది. టిక్కెట్టుపై చూచినవారికి ప్రయాణం మూడుంబావు గంటలుగా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఉదయం 6.00 గంటలకు జెడ్డాలో బయలుదేరిన విమానం ఐదు గంటలు పయనించినా, హైదరాబాదులో మధ్యాహ్నం 1.30 గంటలకు దిగుతుంది. ఈ తేడా గమనించక 11.00 గంటలకే విమానాశ్రయానికి చేరిన బంధువులు రెండున్నర గంటలు వేచి ఉండవలసి వస్తుంది.

యాత్రికులకు ఈ లెక్క మరింత ముఖ్యమైనది. నేరుగా మక్కాకు వెళ్లేవారు మీఖాత్ హద్దు దాటకముందే ఇహ్రాంలో ఉండాలి. విమానం జెడ్డాలో దిగకముందే ఆ హద్దును దాటుతుంది. గడియారాన్ని సౌదీ కాలమానానికి మార్చుకొని, బయలుదేరిన 6.00 గంటల నుండే లెక్కించినవారు 11.45 వరకు వ్యవధి ఉన్నదని పొరబడే అవకాశం కలదు. కాబట్టి విమానం ఎక్కకముందే ఇహ్రాం వస్త్రాలు ధరించడం క్షేమకరం. మొదట మదీనాకు వెళ్లేవారు అక్కడి నుండి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రాం స్వీకరిస్తారు.

నగరంలోని ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2008 మార్చిలో వాణిజ్య విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు మారాయి. చార్మినార్ నుండి శంషాబాదు విమానాశ్రయం సుమారు 20 కిలోమీటర్లు. 2025 జనవరిలో ప్రారంభమైన ఆరాంఘర్ – జూపార్కు పైవంతెన ఈ మార్గంలో పాత నగరవాసులకు ఉపకరిస్తున్నది. అంతర్జాతీయ ప్రయాణికులు సుమారు మూడు గంటలు ముందుగా చేరవలసి ఉన్నందున, ఇంటి నుండి జెడ్డాకు పది గంటలైనా పడుతుందని భావించాలి.

విమాన వేళలను ప్రకటించేటప్పుడు, ప్రచురించేటప్పుడు బయలుదేరే, చేరే సమయాలు ఏ దేశపు కాలమానంలో ఉన్నవో వాటి పక్కనే పేర్కొనడం, అసలు ప్రయాణ కాలాన్ని విడిగా తెలపడం ప్రజలకు ఎంతో ఉపయోగకరం.