'రా, కూసో' అనే ఇల్లు

వరంగల్ కోట నడుమ నాలుగు దిక్కులా నిలబడ్డ రాతి తోరణాలకు తలుపులు లేవు. కాకతీయులు స్వయంభూ శివుడి గుడి చుట్టూ వాటిని నిలబెట్టారు. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలుచుకున్నాక గుడి నేలమట్టమైంది, తోరణాలు మిగిలాయి. 2014లో ఏర్పడ్డ తెలంగాణ తన రాజముద్రలో ఆ తోరణాన్నే పెట్టుకుంది. అదే కోట బయటి ద్వారాల తీరు వేరు. రాతి గోడ దాటి లోపలికొచ్చే దారి నేరుగా సాగదు, గోడల మధ్య మలుపు తిరుగుతుంది. గుర్రం మీద దూసుకొచ్చేవాడి ఊపు అక్కడే తగ్గిపోవాలి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ రమ్మనాలో ఆ కట్టడాన్ని తలపెట్టినవాళ్లకు విడివిడిగా తెలుసు. ఇల్లు కట్టుకునేవాళ్లకూ, కట్టిన ఇంటిని సర్దుకునేవాళ్లకూ తెలియాల్సింది కూడా ఈ తేడాయే. హన్మకొండలో, హంటర్ రోడ్డులో, కాజీపేటలో లేస్తున్న కొత్త అపార్టుమెంట్లలో లోపలి పనికి లక్షలు పోస్తున్నారు. ఫాల్స్ సీలింగ్, టీవీ యూనిట్, క్రాకరీ యూనిట్, మాడ్యులర్ కిచెన్... అందరి జాబితా ఒకటే. తెలంగాణలో గడప దగ్గర వినబడే మొదటి మాట మాత్రం 'రా, కూసో'. ఇంట్లోవాళ్ల నోటి కంటే ముందు ఇల్లే ఆ మాట అనాలి. చెప్పులు ఎక్కడ విప్పాలో వచ్చిన మనిషి వెతుక్కోకూడదు, ఎక్కడ కూర్చోవాలో తటపటాయించకూడదు, కూర్చున్నాక ఎదుటివాళ్ల ముఖం కనబడాలి. ఇంటి లోపలి అలంకరణకు ఇదే మొదటి పని అనీ, మిగిలినవన్నీ దీని తర్వాతేననీ నా వాదన.

పాత ఇళ్లలో ఈ పని గడప బయటే మొదలయ్యేది. వాకిట్లో పేడనీళ్ల చాన్పి, దానిమీద ముగ్గు, పక్కన గోలెంలో నీళ్లు, ఒక చెంబు. ఎండన పడి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుంటే సగం అలసట అక్కడే తీరేది. ఆపైన దర్వాజకు అటూ ఇటూ అరుగులు. అరుగు ఇంటిదీ అవును, వీధిదీ అవును. లోపలికి వచ్చేంత చనువు లేనివాళ్లు, అంత తీరిక లేనివాళ్లు అక్కడే కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోవచ్చు. దాన్ని దాటితే పసుపు రాసిన గడప, ఆ తర్వాత నడిమిట్ల వెలుతురు పడే భవంతి, దాని చుట్టూ అర్రలు. ఇలా ఒక్కో అడుగుకూ చనువు కాస్త కాస్త పెరిగేది. వీధిలోంచి తటాలున వంటింటి ముందు తేలే పరిస్థితి ఉండేది కాదు. ఇది మన ముచ్చట మాత్రమే అనుకోనక్కర్లేదు. క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లో వెలువరించిన 'ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్' అనే పుస్తకం వాస్తుశిల్పులకు ఇప్పటికీ పాఠ్యగ్రంథం లాంటిది. మనుషులు హాయిగా ఉండే చోట్లలో మళ్లీ మళ్లీ కనబడే అమరికలను అందులో రెండొందల యాభైకి పైగా విడమరిచారు. వీధికీ ఇంటి తలుపుకూ మధ్య మనసు మారేందుకు కాస్త జాగా ఉండాలన్నది వాటిలో ఒకటి. ముందు తలుపు పక్కన, వీధిని చూస్తూ కూర్చునే బల్ల ఉండాలన్నది ఇంకొకటి. అమెరికాలో కూర్చుని వాళ్లు తేల్చిన ఆ బల్లను మన ఊళ్లలో తాపీమేస్త్రీలు మట్టితో, రాయితో, డంగు సున్నంతో ఎప్పటినుంచో కడుతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది చిన్నది కాదు. ఆ అరుగు మీద అందరూ కూర్చోగలిగారా? లేదు. కులాన్ని బట్టి కొందరికి భవంతి దాకా, కొందరికి అరుగు దాకా, కొందరికి వాకిలి అంచు దాకానే ప్రవేశం. ఇక దొరల గడీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎత్తైన ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల ఎత్తు గద్దె మీద దొర, కింద చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు. చెప్పులు చేతబట్టుకుని గడీ ముందు నుంచి నడవాల్సిన రోజులు ఈ నేల చూసింది. నేటి జనగామ జిల్లా కడవెండిలో 1946 జులై 4న విస్నూరు దొర, అంటే అక్కడి దేశ్‌ముఖ్, మనుషులు తమకు ఎదురుతిరిగిన జనం ఊరేగింపు మీద కాల్పులు జరిపితే అందులో ఉన్న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తూటా వెనకున్నది వెట్టి, భూమి, అధికారం. ఆ అధికారాన్ని జనం కళ్ల ముందు రోజూ నిలబెట్టిన కట్టడం గడీ. కాబట్టి పాతదంతా బంగారమని నేను అనను. నిజానికి ఈ ఆక్షేపణ నా వాదనకు బలమే ఇస్తుంది. గోడ ఎత్తు, గద్దె ఎత్తు, కూర్చునే చోటు, నిలబడే చోటు మనిషికి తన స్థానం ఏమిటో మాట లేకుండానే చెబుతాయని గడీ కంటే గట్టిగా రుజువు చేసిన కట్టడం లేదు. చిన్నబుచ్చే అమరిక ఉన్నప్పుడు గౌరవించే అమరికా ఉంటుంది. అరుగును తీసుకుందాం, దాని మీది ఆంక్షలను తీసుకోవద్దు. ఈ పట్టింపు ఇవాళ్టికీ అవసరమే. పనిచేసే ఆమెకు వేరే గ్లాసు, డెలివరీ పిల్లాడికి లిఫ్టు వద్దనే నోటీసు ఉన్న చోట హాల్లో ఎంత ఖరీదైన సోఫా వేసినా అది సగం ఇల్లే. ఎండలో మూడంతస్తులు ఎక్కి వచ్చిన పిల్లాడు రెండు నిమిషాలు కూర్చుని మంచినీళ్లు తాగే చోటు తలుపు పక్కన ఉందా? ఇంటి తీరు అక్కడే తెలిసిపోతుంది.

హాల్లోకి వద్దాం, ఎందుకంటే డబ్బూ అక్కడే పోస్తున్నారు, తప్పూ అక్కడే జరుగుతోంది. 1950ల్లో కెనడాలోని సస్కాచవాన్‌లో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఆస్పత్రిలో వృద్ధ మహిళల వార్డును గమనించాడు. ఆ వార్డును అప్పుడే బాగా ఖర్చుపెట్టి ముస్తాబు చేశారు. కొత్త కుర్చీలు, కొత్త తెరలు, మెరిసే నేల. చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. ఉంటున్న ముసలమ్మలు మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. కారణం కుర్చీల వరస. అన్నీ గోడల వెంబడి భుజం భుజం ఆనేలా బారుగా వేసి ఉన్నాయి. పక్కావిడతో మాట్లాడాలంటే మెడ తిప్పాలి, ఎదురుగా ఉన్నావిడ గది అవతలి గోడ దగ్గరెక్కడో. సోమర్, ఆయన సహచరుడు కుర్చీలను గోడల దగ్గర నుంచి లాగి చిన్న బల్లల చుట్టూ వేయించారు. మొదట్లో అక్కడివాళ్లకు ఈ మార్పు రుచించలేదు. కొన్ని వారాలు గడిచాక లెక్క చూస్తే మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. రంగు మారలేదు, కుర్చీలు మారలేదు. చిన్న బల్లలు వచ్చాయి, కుర్చీల దిక్కు మారింది, అంతే. ఇప్పుడు మన హాలును చూడండి. ఒక గోడకు టీవీ యూనిట్, దానికెదురు గోడకు సోఫా. ఆ సోఫాలో కూర్చున్న నలుగురూ ఆస్పత్రి వార్డులోని ఆ ముసలమ్మల్లాగే ఒకే దిక్కుకు చూస్తారు. చుట్టం వచ్చినా టీవీనే ఇంటిపెద్ద. సోఫాకు ఎదురుగానో వాలుగానో రెండు కుర్చీలు, మధ్యలో ఏడెనిమిది అడుగులు మించని దూరం, టీవీని పక్క గోడకు జరపడం. దీనికి కొత్తగా పైసా ఖర్చు లేదు. కుర్చీల్లో ఒకటి చేతులున్నది, గట్టి సీటుది అయి ఉండాలి. లోతుగా దిగబడే మెత్తటి సోఫాలోంచి మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒకరి చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేదు. ఆ ఇబ్బంది ఎవరికీ చెప్పదు, మరోసారి రావడానికి మాత్రం వెనకాడుతుంది.

వరంగల్ వాళ్ల దగ్గర ఇంకో జవాబు ఉంది, కొత్తవాడ మగ్గాల మీద. శత్రంజీ అనండి, జంపఖానా అనండి. నూలుతో గట్టిగా నేసిన, నేల మీద పరుచుకునే బట్ట. తివాచీకి ఉన్నట్టు దీనికి నూగు ఉండదు కాబట్టి దుమ్ము లోపల దాక్కోదు. దులిపితే పోతుంది, ఉతికితే ఆరుతుంది. రెండు వైపులా ఒకే తీరు, ఒకవైపు మాసితే తిరగేసి వేసుకోవచ్చు. మడిచి అటక మీద పెడితే జాగా కలిసొస్తుంది. మే నెల ఉక్కలో ఒంటికి చల్లగా తగులుతుంది, చలికాలం ఉదయం గచ్చు చలిని ఆపుతుంది. వరంగల్ శత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు దీని గొప్ప వేరే చోట కనబడుతుంది. సోఫా ఎంతమందికో కొన్ననాడే ఖాయమైపోతుంది. శత్రంజీ వచ్చినంతమందికి సరిపోతుంది. దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని వాడకట్టంతా ఇంటికి వచ్చినప్పుడు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే చుట్టాలు రాత్రికి నగరంలో దిగినప్పుడు ఐదుగురు పట్టే సోఫా ఏ మూలకు? సెంటర్ టేబుల్ పక్కకు లాగి శత్రంజీ పరిస్తే ఇరవై మంది కూర్చుంటారు, రాత్రికి ఎనిమిది మంది పడుకుంటారు. పైగా నేల మీద అందరి ఎత్తూ ఒకటే. గడీలోని గద్దెకు ఇంతకంటే మంచి జవాబు నాకు తోచదు. చేర్యాల బొమ్మ, పెంబర్తి ఇత్తడి దీపం గోడకు అందమిస్తాయి, తప్పక పెట్టుకోవాలి. శత్రంజీ మాత్రం మనిషికి చోటిస్తుంది, అందుకే నా లెక్కలో అది ముందు.

వెలుతురు గురించి ఒక మాట. బజారులో చవగ్గా దొరికే ఎల్‌ఈడీ బల్బులు, ట్యూబులు ఎక్కువగా 6500 కెల్విన్ 'కూల్ డేలైట్'వి. ఆ నీలిమ తేలిన తెలుపు దుకాణానికి, చదువుకునే బల్లకు బాగుంటుంది. సాయంత్రం హాల్లో అది మనుషుల ముఖాలను పాలిపోయినట్టు చూపిస్తుంది. 2700 నుంచి 3000 కెల్విన్ మధ్య ఉండే 'వార్మ్ వైట్' దీపం వెలుతురు పాత దీపగూళ్ల వెలుగుకు దగ్గరగా ఉంటుంది, ధరలో పెద్ద తేడా లేదు. ఫాల్స్ సీలింగ్‌లో ఇరవై లైట్లు గుచ్చే బదులు మనుషులు కూర్చునే చోట కంటి ఎత్తున ఒకటి రెండు దీపాలు పెడితే చాలు. అసలు పదడుగుల లోపే ఉన్న కప్పును జిప్సం బోర్డుతో ఇంకా దించడం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో మంచి పని కాదు. ఫ్యాను నెత్తి మీదికి వస్తుంది, వేడి గాలి పైకి పోయే జాగా తగ్గుతుంది.

ఇదంతా సొంత జాగాలో ఇల్లు కట్టుకునేవాళ్లకే గానీ, వెయ్యి అడుగుల ఫ్లాటులో అరుగు ఎక్కడ అని అడగొచ్చు. అరుగంటే గోడకు ఆనుకుని పద్దెనిమిది అంగుళాల ఎత్తు, అంతే వెడల్పు, మూడడుగుల పొడవు ఉండే బల్ల. తలుపు లోపల షూ ర్యాక్ పెట్టే చోటే అది పడుతుంది. కింద చెప్పులు, పైన కూర్చునే పలక. వంగలేని మనిషి కూర్చుని చెప్పులు విప్పుకోవచ్చు. బాల్కనీ విషయంలో మాత్రం బిల్డర్ దగ్గర పట్టుబట్టాలి. ఆరడుగుల లోతు లేని బాల్కనీని జనం వాడరని అలెగ్జాండర్ పుస్తకం తేల్చి చెప్పింది. మన నగరంలో మూడడుగుల బాల్కనీలన్నీ బట్టలారేసే తీగలకు, పాత కూలర్లకే మిగిలాయంటే ఆశ్చర్యమేముంది? భద్రత సంగతేమిటని ఇంకొకరు అడుగుతారు. తాళం, కెమెరా, జాలీ తలుపు అన్నీ పెట్టుకోండి, కోటకూ మలుపు ద్వారాలున్నాయి. ఆపే పని బయటి ద్వారానిది. దాన్ని దాటించి లోపలికి తీసుకొచ్చిన మనిషిని కూడా అనుమానంగా నిలబెట్టే అమరిక ఎవరినీ కాపాడదు. వాస్తు చూసుకునేవాళ్లకు కూడా ఇబ్బంది లేదు, కుర్చీలు ఎదురెదురుగా వేయడానికి ఏ దిక్కూ అడ్డురాదు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది చివరి ఆక్షేపణ. ఈ రోజుల్లో ఇళ్లకు ఎవరొస్తున్నారు, ఫోన్లోనే పలకరింపులు, ఫంక్షన్ హాళ్లలోనే కలయికలు, ఎవరి కోసం ఈ ఏర్పాట్లు అని. రాకపోకలు తగ్గిన మాట నిజమే. ఉద్యోగాలు, దూరాలు, తీరిక లేకపోవడం కారణాలే. అయితే ఇల్లు కూడా ఒక కారణం కావచ్చని ఒప్పుకోవాలి. అద్దంలా మెరిసే టైల్స్ మీద అడుగు జాడ పడుతుందేమోనని, షోకేసుకు చెయ్యి తగులుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న చుట్టం చాయ్ తాగి లేచిపోతాడు. ఇంకో సంగతి, ఇలా సర్దిన హాలు ముందుగా ఇంట్లోవాళ్లకే ఉపయోగపడుతుంది. సాయంత్రం పనుల నుంచి, బడి నుంచి తిరిగొచ్చే వాళ్లు కూడా ఆ గడప దగ్గర వచ్చినవాళ్లే. ముఖాలు కనబడేలా కుర్చీలు వేస్తే తండ్రీ కూతుళ్లు మాట్లాడుకుంటారు.

కొత్త ఇంటి నక్షా చేతికొచ్చిన రోజు, లేదా ఇంటీరియర్ డిజైనర్ రంగుల బొమ్మలు పరిచి చూపించిన రోజు, ఒక్క ప్రశ్న అడగండి. దసరా నాడు జమ్మి ఆకు పట్టుకుని వచ్చే మా పెదనాయన ఎక్కడ చెప్పులు విప్పుతాడు, ఎక్కడ కూర్చుంటాడు, ఎవరి ముఖం చూస్తూ మాట్లాడతాడు? దానికి జవాబు ఆ బొమ్మల్లో చూపించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.