గూడు కట్టే వేళ, గూడు వదిలే వేళ

సియాటిల్ పరిసరాల్లో ఉండేవాళ్ళు ఈ పిట్టని చూసే ఉంటారు. వసంతం రాగానే ఆఫీసు పార్కింగు లాట్ల పక్కనుండే పొదలెక్కి, ఈలతో మొదలై జీరగొంతుతో ముగిసే చిన్న పాటని పొద్దస్తమానం పాడుతూ ఉంటుంది. తల మీద నలుపూ తెలుపూ చారలు, ఒంటి బరువు సుమారు 30 గ్రాములు. ఇంగ్లీషు పేరు వైట్ క్రౌన్డ్ స్పారో. మనం చారలతల పిచ్చుక అనుకుందాం. పేరులో పిచ్చుక ఉందే కాని, మన పెంకుటిళ్ళ చూరుల్లో గూళ్ళు పెట్టే పిచ్చుకకి ఇది దగ్గర చుట్టం కాదు.

ఈ జాతిలో కొన్ని తెగలున్నాయి. ఒక తెగ కాలిఫోర్నియా తీరం వెంబడి ఏడాది పొడుగునా ఉన్నచోటే ఉంటుంది. ఇంకొకటి సియాటిల్ వైపు పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణానికి పోతుంది. మరొకటి కాలిఫోర్నియా లోయల్లో చలికాలం గడిపి, ఎండలు రాగానే అలాస్కా దాకా ఎగిరిపోతుంది. ఒకే జాతి, మూడు రకాల జీవితాలు. అందుకే హార్మోన్ల మీద పనిచేసే శాస్త్రవేత్తలకి ఈ పిట్ట అంటే అంత ఇష్టం.

కంప్యూటర్ల శీర్షికలో పిట్టల గోలేమిటి అని మీరు అడగవచ్చు. ఒక్కసారి దీన్ని సిస్టం డిజైను సమస్యగా చూడండి. ఈ పిట్ట దగ్గరున్న బ్యాటరీ చాలా చిన్నది. తిండి దొరక్కపోతే ఒంట్లోని కొవ్వు ఎన్నో రోజులు రాదు. చేయవలసిన పనులు మాత్రం ఒకదానితో ఒకటి పోటీ పడేవి: తన ప్రాణం కాపాడుకోవడం, పిల్లల్ని బతికించడం. గూడు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, మధ్యలో ముప్పు వస్తే ఏది వదిలెయ్యాలి? ఈ నిర్ణయాలన్నీ రక్తంలో తిరిగే నాలుగైదు రసాయనాల ద్వారా జరుగుతాయి.

పగటి పొడుగే పంచాంగం

మొదటి ప్రశ్న ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది. కెనడాలో ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో విలియం రోవన్ అనే ఆచార్యుడు 1920లలో ఒక ప్రయోగం చేశాడు. జంకో అనే చిన్న పిట్టల్ని గడ్డకట్టే చలిలో, ఆరుబయట పంజరాల్లో ఉంచి, సాయంత్రాలు కరెంటు దీపాలు వేసి పగటి పొడుగుని రోజురోజుకీ పెంచుకుంటూ పోయాడు. బయట నడిచేది నడిచలికాలం. అయినా ఆ పిట్టల వృషణాలు వసంతకాలంలో లాగా పెరిగాయి. 1925లో ఈ ఫలితం ప్రచురించాడు. అంటే పిట్ట చూసేది వెచ్చదనాన్ని కాదు, పగటి పొడుగుని.

దీంట్లో ఇంకో విడ్డూరం ఉంది. పగటి పొడుగుని కొలవడానికి పిట్టకి కళ్ళే అక్కరలేదు. మైకేల్ మెనేకర్, ఆయన సహచరులు 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో, పిచ్చుకల తలమీద ఈకలు పీకితే వెలుగుకి స్పందన పెరిగింది. తల చర్మం కింద ఇండియా ఇంకు ఎక్కిస్తే ఆగిపోయింది. కపాలం గుండా లోపలికి దిగే కాస్త వెలుగునీ మెదడు లోతుల్లోని కణాలే పట్టుకుంటున్నాయన్నమాట. అక్కడినుంచి సంకేతం హైపోథాలమస్‌కి, పిట్యూటరీ గ్రంథికి, చివరికి బీజకోశాలకి చేరుతుంది. చలికాలంలో ఆవగింజంత ఉన్న వృషణాలు వసంతానికి కొన్ని వందల రెట్లు బరువెక్కుతాయి. ఏడాదంతా అలాగే ఉంచుకోకూడదా అంటే, ఎగిరే ప్రాణికి ప్రతి మిల్లీగ్రామూ భారమే.

అయితే పగటి పొడుగు చెప్పేది స్థూలమైన తేదీ మాత్రమే. మంచు కరిగిందా, పురుగులు వచ్చాయా, వానలు పడ్డాయా, పక్కన జోడు ఉందా అన్న సమాచారంతో పిట్ట ఆ తేదీని అటూ ఇటూ జరుపుకుంటుంది. మన ఊళ్ళలో తాటిచెట్లకీ ఈతచెట్లకీ గిజిగాడు గూళ్ళు వేలాడేది వానాకాలంలోనే కదా. అల్లడానికి పచ్చిగడ్డి, పిల్లలకి పురుగులు సమృద్ధిగా దొరికేది అప్పుడే.

ఆపడం కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. పొడుగు పగళ్ళు కొన్ని వారాలు గడిచాక, వేసవి ఇంకా ఉండగానే, చారలతల పిచ్చుక శరీరం వెలుగుకి స్పందించడం మానేస్తుంది. బీజకోశాలు ముడుచుకుపోతాయి, పాత ఈకలు రాలి కొత్తవి వస్తాయి. మళ్ళీ చలికాలపు పొట్టి పగళ్ళు చూస్తేగాని ఆ స్విచ్చి రీసెట్ కాదు. ఆగస్టులో పిల్లలు పుడితే చలి వచ్చేలోగా రెక్కలు ముదరవు. ఆ పొరపాటు జరగకుండా ఇది కాపలా.

టెస్టోస్టిరాన్ ఎంత కావాలి?

మగపిట్ట పాటకీ పోట్లాటకీ టెస్టోస్టిరాన్ ముఖ్యం. అలాంటప్పుడు అది ఎప్పుడూ ఎక్కువగా ఉంటేనే మంచిది కదా? కాదంటుంది ప్రకృతి. స్వీడన్‌లో బెంట్ సిల్వెరిన్ పైడ్ ఫ్లైక్యాచర్ అనే పిట్టలకి పిల్లల్ని పెంచే సమయంలో టెస్టోస్టిరాన్ అదనంగా ఇచ్చి చూశాడు. ఆ తండ్రులు పిల్లలకి మేత తేవడం తగ్గించేశారు. అమెరికాలో ఎలెన్ కెటర్సన్, వాల్ నోలన్ జంకోల మీద ఏళ్ళ తరబడి చేసిన పనిలోనూ ఇలాంటిదే బయటపడింది. హార్మోను ఎక్కించిన మగవి ఇతర గూళ్ళలో ఎక్కువమంది పిల్లలకి తండ్రులయ్యాయి గాని, సొంత గూటికి మేత తక్కువ తెచ్చాయి, ఎక్కువకాలం బతకలేదు కూడా.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉండగా జాన్ వింగ్‌ఫీల్డ్, ఆయన సహచరులు 1990లో దీన్నంతా ఒక సూత్రంగా గుదిగుచ్చారు. సంతానోత్పత్తికి చాలినంత టెస్టోస్టిరాన్ ఎలాగూ ఉంటుంది. దాన్ని మించిన పెరుగుదల ఎదుటి మగపిట్ట సవాలు విసిరినప్పుడు వస్తుంది, పిల్లల్ని మేపే తండ్రుల్లో మళ్ళీ దిగిపోతుంది. మన పరిభాషలో చెప్పాలంటే, లోడు వచ్చినప్పుడే అదనపు సర్వర్లు లేస్తాయి. ఖాళీగా తిప్పితే బిల్లు కట్టవలసింది పిల్లలే.

తుఫాను వచ్చినప్పుడు

ఇక అసలు కథ. మే నెలాఖరు, గూట్లో నలుగురు పిల్లలు. చలిగాలి, ఆగని వాన, పురుగుల జాడ లేదు. ఇప్పుడు పిట్ట ఏం చెయ్యాలి?

ఇక్కడ రంగంలోకి దిగేది కార్టికోస్టిరోన్. మనుషుల్లో ఈ పని చేసే కార్టిసాల్‌కి ఇది తోబుట్టువు. హైపోథాలమస్ పిట్యూటరీకి చెబుతుంది, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథికి చెబుతుంది, హార్మోను రక్తంలోకి వస్తుంది. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. అందుకే అడవిలో పిట్టని వలలో పట్టినవాళ్ళు మూడు నిమిషాలలోపే మొదటి రక్తపు చుక్క తీసుకోవాలి. ఆలస్యమైతే వాళ్ళు కొలిచేది పిట్ట మామూలు స్థితిని కాదు, వాళ్ళంటే పిట్టకున్న భయాన్ని. తరువాత అరగంటదాకా మరికొన్ని చుక్కలు తీసి, హార్మోను ఎంత ఎత్తుకి ఎక్కుతుందో చూస్తారు.

ఒకే హార్మోను మామూలు రోజుల్లో ఒక పని, ఆపదలో ఇంకో పని ఎలా చేస్తుంది? దాన్ని వినే గ్రాహకాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిదానికి చెవి సన్నం. కొద్దిపాటి హార్మోనుకే పలుకుతుంది, రోజువారీ తిండీ నిద్రా సర్దుతుంది. రెండోది హార్మోను బాగా పెరిగితేగాని కదలదు. కదిలిందంటే మాత్రం ప్రాధాన్యతలన్నీ తిరగరాస్తుంది.

సియాటిల్ వైపు చారలతల పిచ్చుకల మీద 1983లో వచ్చిన పరిశోధనలో ఇది కళ్ళకి కట్టింది. 1980 వేసవి మొదట్లో ఎడతెగని దుర్వాతావరణం పిల్లల్ని మేపుతున్న పిట్టల మీద పడింది. కొవ్వు కరిగిపోయింది, కార్టికోస్టిరోన్ పెరిగింది, గూళ్ళు పాడుపడ్డాయి. కాని సంతానోత్పత్తి హార్మోన్లు మాత్రం కూలిపోలేదు. వాతావరణం తెరిపివ్వగానే మళ్ళీ గూడు మొదలుపెట్టడానికి యంత్రాంగం సిద్ధంగానే ఉంది. నడుస్తున్న పనిని ఆపారు గాని, సిస్టంని షట్‌డౌన్ చెయ్యలేదు. ఇలా మామూలు జీవితచక్రాన్ని తాత్కాలికంగా పక్కనపెట్టి బతుకు మీదే దృష్టి పెట్టే స్థితిని వింగ్‌ఫీల్డ్ బృందం 1998లో అత్యవసర జీవిత దశ అని పేరు పెట్టి వర్ణించింది.

పిల్లల్ని వదిలిపోవడం కఠినంగా అనిపిస్తుంది. తల్లి చస్తే ఆ పిల్లలూ దక్కవు, రావలసిన పిల్లలూ ఉండవు. హార్మోను చేస్తున్నది ఆ లెక్కే.

ఆ మొండి పిట్టలు

మరి లెక్క వేరైతే? అలాస్కాలో, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన టూలిక్ సరస్సు దగ్గర వేసవి చాలా చిన్నది. సియాటిల్ పిట్టకి ఈ గూడు పోతే ఇంకో గూడు పెట్టే వ్యవధి ఉంది. టూలిక్ పిట్టకి ఆ అవకాశం దాదాపు లేదు. అక్కడ జూన్‌లోనూ మంచు పడుతుంది. ప్రతి మంచుకీ గూడు వదిలేసే పిట్టకి వంశం ఉండదు.

ఆర్కిటిక్‌లో గూడు పెట్టే ఎన్నో జాతుల్లో, పిల్లల్ని సాకే దశలో ఈ ఒత్తిడి స్పందన తగ్గిపోతుందని వింగ్‌ఫీల్డ్, ఆయన శిష్యులు గమనించారు. వలలో పట్టి అరగంట ఉంచినా హార్మోను మునుపటంత ఎక్కదు. ఒక్కొక్క సందర్భంలో తగ్గేది ఆడా మగల్లో పిల్లల భారం ఎక్కువగా మోసేవాళ్ళలోనే. 2009లో 64 జాతుల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూసిన మరో పరిశోధన కూడా ఇదే మాట చెప్పింది: జీవితకాలంలో ఈ ఒక్క ఈత విలువ ఎంత ఎక్కువైతే, ఒత్తిడి స్పందన అంత తక్కువ.

ఇది ధైర్యం కాదు. అలారం మోగే మట్టాన్ని పైకి జరపడం. దానికి ఖరీదూ ఉంది: నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ పిట్ట ఆలస్యంగా కదులుతుంది.

పంచాంగం మారిపోతే

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ ఒక బలహీనత ఉంది. మార్చి 21న పగలెంతో రాత్రంత అన్నది కోట్ల ఏళ్ళుగా మారలేదు. వసంతం మాత్రం ముందుకి జరుగుతోంది. పైన చెప్పిన పైడ్ ఫ్లైక్యాచర్ చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడుపుతుంది. యూరప్‌లో చెట్లు ముందే చిగిర్చాయని దానికి అక్కడ చెప్పేదెవరు? అది వచ్చేసరికి గొంగళిపురుగుల కాలం దాటిపోతోంది. నెదర్లాండ్స్‌లో పురుగులు మరీ ముందుగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాలలో ఈ పిట్టలు సుమారు 90 శాతం తగ్గాయని 2006లో ఒక పరిశోధన తేల్చింది. అన్ని పిట్టలదీ ఈ గతి కాదు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో ఉన్నచోటే ఉండే గ్రేట్ టిట్‌లు 1961 తరువాత నాలుగున్నర దశాబ్దాలలో గుడ్లు పెట్టే తేదీని దాదాపు రెండు వారాలు ముందుకి జరుపుకోగలిగాయి. ఎదురుగా ఉన్న సమాచారాన్ని చదవగలిగినవాళ్ళకి కొంత వెసులుబాటు ఉంది.

రెండో దెబ్బ మన దీపాలది. జర్మనీలో మ్యూనిక్ పరిసరాల బ్లాక్‌బర్డ్‌ల మీద చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, రాత్రంతా 0.3 లక్స్ వెలుగు ఉంచితే చాలు, బీజకోశాలు దాదాపు నెల ముందే ఎదిగాయి. వీధి దీపం కింద ఉండే వెలుగు దీనికి ఎన్నో రెట్లు. రోవన్ పంజరంలో చేసిన ప్రయోగాన్ని మనం ఊళ్ళకి ఊళ్ళ మీద చేస్తున్నాం.

మన సంగతి? పిట్టల లెక్క మనుషులకి యథాతథంగా అతకదు. కాని యంత్రాంగం మాత్రం ఒకటే. అర్ధరాత్రి పేజరు మోగితే మన అడ్రినల్ గ్రంథి చేసేదీ అదే. ఒత్తిడి స్పందన జబ్బు కాదు, ప్రాణం నిలిపే ఏర్పాటు. అయితే అది నడిచేది ముందు చూపున్న పనులని ఆపి. పిట్టకి గాలివాన వెలిసిపోతుంది, హార్మోను దిగిపోతుంది, మళ్ళీ పాట మొదలవుతుంది. ఆ దిగడం లేకుండా ఎక్కువే మిగిలితే ఏ ప్రాణిలోనైనా రోగనిరోధక శక్తీ, సంతానశక్తీ, నిద్రా దెబ్బతింటాయి. అలారం మోగడాన్ని గురించే మనం ఎక్కువ మాట్లాడుకుంటాం. అది ఆగుతోందా లేదా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

పిట్టల విషయంలో మనం చెయ్యగలిగింది తేలికైన పనే. పెరట్లో, బాల్కనీలో రాత్రంతా వెలిగే దీపాలకి మోషన్ సెన్సరు పెట్టండి, లేదా పడుకునేముందు ఆర్పెయ్యండి. కరెంటు బిల్లు తగ్గడం మీ లాభం. చీకటి ఎంతసేపో సరిగ్గా తెలియడం, పొదలో నిద్రపోయే ఆ 30 గ్రాముల ప్రాణానికి లాభం.