కలంకారీ... కలం గీసిందా, అచ్చు గుద్దిందా?

కల్యాణమండపంలో చేనేత ఎగ్జిబిషన్ పెట్టారని తెలిస్తే మనకి ఇంట్లో కాలు నిలవదు. కొనేది ఒకటైనా చూసేవి వంద. అక్కడ ఏదో ఒక స్టాలులో నెమలి కళ్ళు, తామరపూలు, పెద్ద కళ్ళ సీతమ్మ ఉన్న గుడ్డ వేలాడుతూ కనిపిస్తుంది. "అసలైన కలంకారీ మేడమ్, చేత్తో వేసింది" అంటాడు అమ్మేవాడు. మనం ఇంకొంచెం ఆసక్తిగా చూస్తే గొంతు తగ్గించి, "ఇది పాతది, జమీందార్ల ఇంట్లోది, నూరేళ్ళు ఉంటుంది" అంటాడు. ఆ మాటతో ధర నాలుగింతలవుతుంది.

పాత కలంకారీ గుడ్డలు దాచుకోవడం నాకు పదిహేనేళ్ళుగా ఉన్న పిచ్చి. మా సోమల నుంచి శ్రీకాళహస్తి ఒక పూట ప్రయాణం. చుట్టాల ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నవీ, పాత సామాన్ల వాళ్ళ దగ్గర దొరికినవీ కలిపి నా దగ్గర ఓ పది ముక్కలున్నాయి. వాటిని పక్కన పెట్టుకుని కొత్తవాటితో పోల్చి చూడగా తెలిసిన సంగతులే ఇవి. చీర కొనేవాళ్ళకీ పనికొస్తాయి, పాత గుడ్డ దాచుకోవాలనుకునేవాళ్ళకీ పనికొస్తాయి.

రెండు ఊళ్ళు, రెండు పద్ధతులు

కలం అంటే తెలిసిందే, కారీ అంటే పని. పేరు ఒకటే అయినా మన రాష్ట్రంలో ఈ పని రెండు రకాలు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీస్తారు. రామాయణం, భారతం, శివపురాణ కథలు గడులు గడులుగా ఉంటాయి. పాత గుడ్డల్లో గడి కింద తెలుగులో కథ కూడా రాసి ఉంటుంది. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో వేస్తారు. లతలు, పూలు, పక్షులు ఎక్కువ. రెండూ అసలైనవే. అచ్చు వేసినంత మాత్రాన మోసం కాదు. స్క్రీన్ ప్రింటునో, కంప్యూటర్ ప్రింటునో తెచ్చి చేతిపని అని అమ్మడమే మోసం.

చేతిపనికి ధర ఎందుకో తెలియాలంటే అది తయారయ్యే తీరు తెలియాలి. ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకి పాకదు. చింతబరికెల బొగ్గుతో బొమ్మ గీస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేది కసిం. దాన్ని కలంలో పీల్చుకుని గీత గీస్తే, కరక్కాయ తగిలి గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, ఆరాక పారే నీళ్ళలో ఉతికి, మంజిష్ట, సురుడుచెక్క లాంటివి వేసి ఉడకబెడతారు. పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పసుపు రంగు కరక్కాయ పువ్వుది, నీలం నీలిమందుది. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఒక్కో రంగుకీ ఒక ఉతుకు, ఒక ఎండ. ఒక చీర చేతికి రావాలంటే వారాలు పడుతుంది.

ఇక పరీక్ష పెట్టండి

ముందుగా, గుడ్డలో ఒకే పువ్వు రెండు చోట్ల ఎక్కడుందో వెతకండి. రెండింటినీ దగ్గరికి మడిచి పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో గీసిన రెండు పూలు అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ ఒకే అచ్చులా ఉండవు. ఒక రేకు దగ్గర గీత లావుగా ఉంటే, రెండో పువ్వులో అక్కడ సన్నంగా ఉంటుంది. కలంలో రంగు నిండుగా ఉన్నప్పుడు గీత దిట్టంగా మొదలై, అయిపోయేసరికి పలచనవుతుంది. ప్రతి పువ్వులోనూ అదే చోట అదే మరక, అదే వంకర కనిపిస్తే అది ప్రింటు. ఈ ఒక్క పరీక్షతోనే సగం బండారం బయటపడుతుంది.

రెండోది, గీత దాటిన రంగు. చేతిపనిలో రంగు ఒకచోట ఎడమకి, ఇంకోచోట పైకి గీత దాటుతుంది. స్క్రీన్ జరిగితే మాత్రం గుడ్డ పొడుగునా ఒకే వైపు, ఒకే మేర దాటుతుంది. సీతమ్మ పెదవి ఎరుపూ, హనుమంతుడి తోక పసుపూ అన్నీ కుడివైపే జరిగాయంటే జరిగింది స్క్రీనే.

మూడోది, గుడ్డ తిరగేయడం. పలచని నూలు గుడ్డ మీద చేతిపని అయితే రంగు లోపలికి ఇంకి వెనక కూడా బాగా కనిపిస్తుంది. రంగు పైపైన పూతలా నిలిచి, వెనక తెల్లగా ఉంటే అనుమానించండి. పట్టుకీ, మందపు గుడ్డకీ ఇది పూర్తిగా వర్తించదు.

నాలుగోది, భూతద్దం. లేకపోతే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. కంప్యూటర్ ప్రింటు అయితే గీత అంచుల్లో సన్నని రంగు చుక్కలు కనిపిస్తాయి. పెడన చెక్క అచ్చు అయితే ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ మధ్య సన్నని అతుకు, అక్కడక్కడ రంగు తేడా ఉంటాయి. అవి లోపాలు కావు, చేతి గుర్తులు.

తడిగుడ్డతో రుద్దితే రంగు అంటిందా లేదా అన్నది గట్టి రుజువు కాదు. చెట్టు రంగూ అంటవచ్చు, మందు రంగూ అంటకపోవచ్చు. నిమ్మరసం చుక్క వేసి చూడమని ఎవరైనా చెబితే వినకండి. కసిం నలుపు పులుపుకి చెడుతుంది.

నూరేళ్ళ మాట నిజమేనా?

చేతిపని అని తేలినా పాతదని తేలినట్టు కాదు. శ్రీకాళహస్తిలో పూర్వం చేసినవి ఎక్కువగా గుడి తెరలు, రథాల అలంకరణలు, గోడకి కట్టే కథల గుడ్డలు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు శ్రీకాళహస్తి రామాయణం అలాంటిదే. ఇక్కడి పని చీరలకీ దుపట్టాలకీ విరివిగా రావడం చాలా తర్వాతి మాట. అంచేత "నూరేళ్ళ నాటి కలంకారీ పట్టుచీర" అని చూపిస్తే ఒక అడుగు వెనక్కి వేయండి.

రంగు కూడా కొంత చెబుతుంది. ప్రయోగశాలలో చేసిన మొదటి ఊదారంగు 1856లో వచ్చింది. మంజిష్ట ఎరుపుకి మందు రూపం 1869లో, నీలిమందుది 1897లో బజారుకి దారిపట్టాయి. కాబట్టి కంటికి ఎరుపు కనబడగానే మంజిష్ట అనుకోలేం. కానీ మెరిసే గులాబీ, చిలకపచ్చ, ఊదా ఉంటే పాత పద్ధతిది కాదని చెప్పేయవచ్చు.

పాతదనం అరుగుదలలో తెలుస్తుంది. నిజంగా పాతబడ్డ గుడ్డ మడతల దగ్గర, అంచుల దగ్గర, వేలాడదీసిన మూలల దగ్గర ఎక్కువ అరుగుతుంది. మిగతాచోట్ల రంగు నిలుస్తుంది. టీ నీళ్ళలో ముంచిన గుడ్డ మాత్రం మడత లోపలా బయటా ఒకే గోధుమరంగులో ఉంటుంది. ఇంకో గుర్తు, ఇనుము నలుపు కాలం గడిచేకొద్దీ దారాన్ని తినేస్తుంది. అందుకే పాత గుడ్డల్లో నల్ల గీత వెంటే సన్నగా చిల్లులు పడతాయి. నా దగ్గరున్న ఒక ముక్కలో రావణుడి పది తలల్లో మూడింటికి మీసాలే లేవు. గుడ్డ బాగానే ఉంది, మీసాల మేరకే రాలిపోయింది! చివరగా అంచు కుట్టిన దారం చూడండి. పాలిస్టర్ దారమైతే ఆ కుట్టు నూరేళ్ళది కాదు.

ఈ నకలు గొడవ ఈనాటిది కాదు

మన తీరం నుంచి వెళ్ళిన పూల గుడ్డల మీద 17వ శతాబ్దంలో యూరప్ ఆడవాళ్ళు మోజుపడ్డారు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్ళీ 1721లోనూ వాటి మీద నిషేధాలు పెట్టాయి. 1783లో రోలర్‌తో గుడ్డ మీద ప్రింటు వేసే యంత్రానికి థామస్ బెల్ పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత మన పూలే మిల్లు గుడ్డ మీద చవగ్గా అచ్చయి వచ్చాయి. చేతిపని కుదేలైంది. శ్రీకాళహస్తిలో ఆ విద్య దాదాపు అంతరించే దశలో, కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టారు. ఆ విద్యలో పెద్దవారైన జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇవాళ ఆ ఊళ్ళో గీతలు గీసి, రంగులు నింపి ఇల్లు గడుపుకునేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామందే. ప్రింటు చీరని చేతిపని పేరుతో మనం కొన్న ప్రతిసారీ దెబ్బ మన పర్సుకే కాదు. "అదే చీర అక్కడ ఎనిమిది వందలకే ఇస్తున్నారు, మీకెందుకింత?" అని ఎవరో అడిగితే, మూడు వారాలు వంగి కూర్చున్న మనిషి జవాబు చెప్పుకోలేక ధర తగ్గించాల్సి వస్తుంది. ప్రింటు నచ్చితే ప్రింటు ధరకి హాయిగా కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. చేతిపని ధర అడిగితే మాత్రం చెయ్యి ఎక్కడుందో చూపించమనండి.

ఇంట్లో పాతది ఉంటే

ఉతక్కండి, బ్లీచింగు దగ్గరికి రానివ్వకండి. ఎండ తగిలే గోడకి కట్టకండి. పదే పదే ఒకే మడత పెట్టకుండా, ఉతికిన తెల్ల నూలు గుడ్డ లోపల పెట్టి గొట్టంలా చుట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలను మనంతట మనం దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కూతురికి ముచ్చటపడి నాయనమ్మ నాటి గుడ్డ సూట్‌కేసులో పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఈసారి ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు ధర అడగకముందే రెండు పూలు పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మేవాడి మొహం కూడా ఒకసారి చూడండి. అసలుది అమ్మేవాడైతే, "బాగా చూడండమ్మా" అని గుడ్డ ఇంకా విప్పి పరుస్తాడు.