రెటీనా జబ్బును కంప్యూటర్ ఎలా పసిగడుతుంది?

కంటి లోపల, వెనక గోడకు పరుచుకున్న పలచని పొర రెటీనా. మందం దాదాపు పావు మిల్లీమీటరు. అది దెబ్బతింటున్నా నొప్పి ఉండదు. చూపు మసకబారేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

మరి ముందే కనిపెట్టేదెలా? కాంతితోనే! ఫండస్ కెమెరా కంటిపాప గుండా రెటీనాను ఫొటో తీస్తుంది. 1991లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన ఓసీటీ అనే స్కానింగ్ పద్ధతి ఇంకా లోతుకు వెళుతుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి, ఏ పొర నుంచి ఎంత ఆలస్యంగా తిరిగొస్తోందో లెక్కగట్టి, కత్తి పెట్టకుండానే లోపలి పొరలన్నీ చూపిస్తుంది. వయసు పైబడ్డాక రెటీనా కింద పేరుకునే డ్రూసెన్ మచ్చలు అందులో బయటపడతాయి.

ఈ ఫొటోల్లో జబ్బును కంప్యూటర్ పసిగట్టేలా చేసేది మెషీన్ లెర్నింగ్. కంప్యూటర్‌కు జబ్బు లక్షణాలు ఒక్కొక్కటీ చెప్పరు. డాక్టర్లు నిర్ధారించిన ఫొటోలు చూపిస్తారు. తప్పు చెప్పినప్పుడల్లా అది తన లెక్కలు సవరించుకుంటుంది. షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బును గుర్తించడానికి గూగుల్ బృందం 1,28,175 ఫొటోలతో ఇలాగే శిక్షణ ఇచ్చి, 2016లో ఫలితాలు ప్రచురించింది. ఆ ఫొటోల్లో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ కంటి ఆసుపత్రులవీ ఉన్నాయి. ఇది చాలా ముఖ్యం: రకరకాల కళ్లు చూడని కంప్యూటర్ కొత్త కన్ను ఎదురైతే పొరబడుతుంది.

హైదరాబాద్‌లోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. అక్కడి బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. 1987లో మొదలైన ఈ సంస్థ, 2016లోనే మైక్రోసాఫ్ట్‌తో కలిసి కంటి వైద్యంలో మెషీన్ లెర్నింగ్ వాడకానికి నడుం కట్టింది.

కంప్యూటర్ అనుమానాన్ని తేల్చాల్సింది మాత్రం డాక్టరే. మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో షుగర్ ఉందా? చూపు బాగానే ఉందన్నా సరే, ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించమని అమ్మానాన్నలకు గుర్తుచేయండి.