49 రోజులు కదలని కారు

1995 చివర్లో టొయోటా ఇంజినీర్లు ఓ నమూనా కారును బిగించి బయట నిలబెట్టారు. పెట్రోలు ఇంజినూ విద్యుత్ మోటార్లూ కలిసి నడపాల్సిన కారది. స్విచ్చు వేస్తే కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. లోపం ఎక్కడుందో తేలక రాత్రుళ్లు కూడా వెతుకుతూనే ఉన్నారు. ఎట్టకేలకు 49 రోజుల తర్వాత చక్రాలు తిరిగాయి. సుమారు 500 మీటర్లు వెళ్లాక మళ్లీ ఆగిపోయింది.

ఆ బృందానికి పెద్ద తకేషి ఉచియమద. అప్పటిదాకా ఆయన నైపుణ్యమంతా కార్లలో చప్పుడూ అదురూ తగ్గించడంలోనే. ఒక కొత్త కారుకి చీఫ్ ఇంజినీరు కావడం అదే మొదటిసారి. పైగా 1995లో కంపెనీ అధ్యక్ష పదవిలోకి వచ్చిన హిరోషి ఒకుద, 1998 చివరికి అనుకున్న గడువును ఏడాది ముందుకు జరిపాడు. అలా నడవనని మొండికేసిన ఆ బండే 1997 డిసెంబరులో ప్రియస్ పేరుతో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. పెద్ద సంఖ్యలో తయారై జనం చేతికందిన మొదటి హైబ్రిడ్ కారు అదే.

ఇన్నేళ్ల తర్వాత కూడా హైబ్రిడ్ కారు స్టార్ట్ కాలేదంటే యజమానికి గుండె జారిపోతుంది. లక్షలు పోసి కొత్త బ్యాటరీ వేయించాలేమోనన్న భయమే ముందు పుడుతుంది. చాలాసార్లు ఆ భయం అనవసరం. ఎందుకో తెలియాలంటే ఈ కారు ఎలా మేల్కొంటుందో చూడాలి.

మామూలు కారు సంగతి మనకు తెలిసిందే. తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ని గిర్రున తిప్పుతుంది, ఇంజిన్ అందుకుంటుంది. ప్రియస్‌లో విడిగా సెల్ఫ్ మోటారూ లేదు, డైనమో కూడా లేదు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరిగే పళ్లచక్రాల అమరిక ఒకటుంది. దాని నడిమి చక్రానికి ఒక మోటారు, బయటి వలయానికి ఇంకో మోటారూ చక్రాలూ, మధ్యలోని చిన్న చక్రాలను పట్టి ఉంచే చట్రానికి ఇంజిన్ బిగించి ఉంటాయి. ఇంజిన్‌ని లేపాల్సింది ఆ మొదటి మోటారే. నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిప్పాకగానీ నిప్పురవ్వ వేయనివ్వదు. అంత బలం పెద్ద బ్యాటరీ నుంచి రావాలి. మొదటి ప్రియస్‌లో అది 240 నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌ల కూర్పు, 288 వోల్టులు. 2003 నాటి రెండో తరంలో 168 సెల్‌లు, 201.6 వోల్టులు. ఈ బండిని నలుగురు కలిసి తోసినా స్టార్ట్ కాదు.

అంత వోల్టేజిని ఎప్పుడూ తీగల్లో పారనివ్వడం ప్రమాదం. అందుకే కారు ఆపగానే పెద్ద బ్యాటరీకీ మిగతా బండికీ మధ్య రిలేలనే స్విచ్చులు తెరుచుకుని సంబంధం తెగిపోతుంది. వాటిని మళ్లీ మూయాలంటే 12 వోల్టుల కరెంటు కావాలి. కంప్యూటర్లు మేల్కోవాలన్నా అదే కావాలి. అది ఇచ్చేది ఏ కారులోనైనా ఉండే మామూలు చిన్న బ్యాటరీ. బీరువా నిండా డబ్బున్నా దాని తాళంచెవి గోడమీది చిన్న మేకుకు వేలాడుతున్నట్టు ఉంటుంది వ్యవహారం. చిన్న బ్యాటరీ దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా వాడుకోవడానికి దారి లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. పాత కార్లలో బ్యాటరీ నీరసించిందంటే సెల్ఫ్ నెమ్మదిస్తుంది, నాలుగు రోజుల ముందే మూలుగుతుంది. హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ ఇంజిన్‌ని తిప్పదు, కంప్యూటర్లనూ రిలేలనూ లేపితే చాలు. కాబట్టి పాడైపోతున్నా రోజూ పని నెట్టుకొస్తుంది. చివరికి ఒక ఉదయం బటన్ నొక్కితే రిలేలు టకటకమంటాయి, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, ‘రెడీ’ అన్న అక్షరాలు మాత్రం రావు. వోల్టేజి చాలక తికమకపడ్డ కంప్యూటర్లు పొంతన లేని లోపాలెన్నో చెబుతాయి. ఆ దీపాలు చూసి పెద్ద బ్యాటరీ పోయిందనుకోవడమే అసలు పొరపాటు. ముందు చేయాల్సింది చిన్న బ్యాటరీ టర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడటం. నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. 12 కన్నా కిందికి జారితే సగం జవాబు దొరికినట్టే.

2020 లాక్‌డౌన్ ఈ బలహీనతను బయటపెట్టింది. వారాల తరబడి కదలని కార్లలో అలారమూ, తాళం సిగ్నల్ కోసం ఎదురుచూసే సర్క్యూట్లూ చిన్న బ్యాటరీని కొద్దికొద్దిగా పీల్చేస్తాయి. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి పాటలు వింటూ కూర్చున్నా ఇదే జరుగుతుంది. అప్పుడు పెద్ద బ్యాటరీ జతపడదు కాబట్టి చిన్నదాన్ని నింపేవారుండరు. ‘రెడీ’ వచ్చాకే అది చార్జి అవుతుంది.

రెండో, మూడో తరం ప్రియస్‌లలో చిన్న బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అది దిగిపోయినప్పుడు వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే జంపర్ కేబుల్ తగిలించడానికి బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో వేరే టర్మినల్ ఇచ్చారు. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఖరీదైన ఎలక్ట్రానిక్స్ దెబ్బతింటాయి. ఈ పనిలో తొందర పనికిరాదు.

చిన్న బ్యాటరీ బాగానే ఉంటే? రిమోట్ తాళంలో సెల్ అయిపోయి ఉండొచ్చు. చాలా మోడళ్లలో ఆ తాళాన్నే బటన్‌కి ఆనించి నొక్కితే పలుకుతుంది. లేదా పెట్రోలు అయిపోయి ఉండొచ్చు. హైబ్రిడ్ పెట్రోలు లేకున్నా మోటారుతో కొంతదూరం వెళ్తుంది. అది నమ్మి సాగిస్తే పెద్ద బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది. ఇంజిన్‌ని తిప్పే బలమే మిగలదు. దానికి జంపర్ కేబుల్ మందు కాదు, ప్రత్యేకమైన చార్జర్ కావాలి.

అప్పటికీ లేవకపోతే కారు కంప్యూటర్ చెప్పే లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాలి. పీ0ఏ80 అని చూపితే పెద్ద బ్యాటరీ మార్చమని అర్థం. అలాగని మొత్తం పోయినట్టు కాదు. రెండో తరం ప్రియస్ బ్యాటరీలో సెల్‌లను గుత్తులుగా కట్టిన 28 మాడ్యూళ్లుంటాయి. ఒకటి నీరసించి వోల్టేజి తేడా పెరిగినా కంప్యూటర్ ఇదే కోడ్ ఇస్తుంది. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలకు చిలుము పట్టినా కొలతలు తప్పుతాయి. ఓపికగా విప్పి శుభ్రం చేసి మళ్లీ నడిపిస్తున్న మెకానిక్‌లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అయితే అధిక వోల్టేజి పారే నారింజ రంగు తీగల జోలికి శిక్షణ లేనివాళ్లు పోనేకూడదు. ముందు వెయ్యి వోల్టులు తట్టుకునే రబ్బరు తొడుగులు వేసుకుని, పెద్ద బ్యాటరీ సంబంధం తెంచే సర్వీస్ ప్లగ్ లాగి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఇక్కడ షాక్ కొడితే ప్రాణమే పోవచ్చు.

మన రోడ్ల మీద టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లు 2022-23 నుంచి తిరుగుతున్నాయి. టొయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. ఆ లెక్కన 2030 నుంచి వీటిలో తొలి బండ్లు షోరూము దాటి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లకు రావడం మొదలవుతుంది. అప్పటికి అక్కడి కుర్రాళ్ల చేతిలో స్కానరూ తొడుగులూ ఉండాలి. ఐటీఐలలో మోటారు మెకానిక్ చదివే పిల్లలకు 12 వోల్టులతో పాటు 200 వోల్టుల బ్యాటరీని విప్పి, ఒక్కో మాడ్యూల్‌ని కొలవడం ఇప్పటినుంచే నేర్పాలి. ఒక్క మాడ్యూల్‌తో పోయేదానికి బ్యాటరీ మొత్తం మార్చాల్సిన ఖర్చు యజమానికి అప్పుడు తప్పుతుంది.