బజారు భాషలో పాడినవాడు

మునిర్కా సందుల్లో వినపడే హిందీకి వ్యాకరణం పట్టింపు లేదు. ఇంటి ఓనరు ఆ ఊరి జాట్. కింద మోమోలు అమ్మే అమ్మాయి ఈశాన్యం నుంచి వచ్చింది. మూడో అంతస్తులో జేఎన్‌యూలో చదివే తెలుగు కుర్రాడు. ఇలాంటి దక్షిణ ఢిల్లీ పేటల్లో చదువుకో వ్యాపారానికో వచ్చిన నైజీరియా మనిషి కూడా కనిపిస్తాడు. వీళ్ళందరికీ కరెంటు బిల్లు దగ్గరా నీళ్ళ మోటారు దగ్గరా పని జరగాలి కాబట్టి, హిందీకి ఇంగ్లీషు అతుకులు వేసి, లింగాలూ వచనాలూ గాలికొదిలేసి, ఒక మాట తీరు తయారు చేసుకుంటారు. దాన్ని భాష అని ఎవరూ ఒప్పుకోరు గానీ, అది లేకపోతే మునిర్కాలో ఒక్క పూట గడవదు. పశ్చిమాఫ్రికాలో అలాంటి బజారు భాషకు ఒక పేరుంది: పిజిన్. ఇంగ్లీషు మాటల్ని అక్కడి భాషల నడకలో నడిపిస్తే పుట్టింది. ఆ భాషలో పాడి, సైన్యం తన ఇల్లు తగలబెట్టేదాకా తెచ్చుకున్న గాయకుడు ఫెలా అనికులాపో కుటి. ఆయన గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ధైర్యం గురించే రాస్తారు. ఆ ధైర్యానికి పదునిచ్చినవి రెండు నిర్ణయాలని నాకనిపిస్తుంది. ఒకటి ఎవరి భాషలో పాడాలన్నది, రెండోది పాటను ఎంతసేపు పాడాలన్నది.

ఫెలా 1938 అక్టోబర్ 15న నైజీరియాలోని అబెయోకుటాలో పుట్టాడు. తండ్రి ఇజ్రాయెల్ రాన్సమ్ కుటి క్రైస్తవ పాస్టరు, హైస్కూలు ప్రిన్సిపాలు, దేశ ఉపాధ్యాయ సంఘానికి తొలి అధ్యక్షుడు. తర్వాత నోబెల్ అందుకున్న రచయిత వోలే షోయింకా దగ్గరి బంధువు. ఇంగ్లీషు చదువుకు లోటు లేని ఇల్లు అది. అయినా ఆ ఇంట్లో భాష గురించి అసలు పాఠం చెప్పింది తల్లి ఫున్మిలాయో. 1940లలో ఆవిడ అబెయోకుటా మార్కెట్ ఆడవాళ్ళను కూడగట్టి, వాళ్ళ మీద వేసిన పన్నుకు ఎదురు తిరిగింది. ఆ పోరు తాకిడికి 1949లో స్థానిక రాజు గద్దె దిగాల్సి వచ్చింది. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన మనిషి, ఇంగ్లీషు గౌను తీసేసి యొరుబా బట్ట కట్టింది, సభల్లో యొరుబాలోనే మాట్లాడింది. అర్థం కావాలంటే తెల్ల అధికారులే దుబాసీని వెతుక్కోవాలి. కొడుకు తర్వాత చేసిన పనికి విత్తనం ఇక్కడే పడింది.

ఆ విత్తనం మొలవడానికి చాలా కాలం పట్టింది. 1958లో డాక్టరీ చదవమని లండన్ పంపితే ఫెలా ట్రినిటీ సంగీత కళాశాలలో చేరాడు. 1963లో తిరిగొచ్చి, అప్పట్లో పశ్చిమాఫ్రికాను ఊపేస్తున్న హైలైఫ్ బాణీకి జాజ్ కలిపి వాయించాడు. జనం పెద్దగా పట్టించుకోలేదు. 1969లో బృందంతో అమెరికా వెళ్ళినప్పుడు లాస్ ఏంజెలెస్‌లో శాండ్రా స్మిత్ అనే నల్లజాతి ఉద్యమకారిణి పరిచయమై, మాల్కం ఎక్స్ ఆత్మకథ చదివించింది. ఆఫ్రికా గురించి ఆఫ్రికా వాడికి అమెరికాలో కనువిప్పు కలిగింది. తిరిగొచ్చాక పాట మారింది, భాషా మారింది. యొరుబాలోనే పాడితే లాగోస్ చుట్టుపక్కల ఆగిపోతుంది. ఇంగ్లీషులో పాడితే బడి మెట్లెక్కినవాళ్ళే వింటారు. పిజిన్‌లో పాడితే ఐదు వందలకు పైగా భాషలున్న నైజీరియాలో రిక్షావాడికీ పోలీసుకీ అర్థమవుతుంది. దగ్గర్లోని ఘనాలోనూ అర్థమవుతుంది. చదువుకున్న కుటుంబం పిల్లవాడు వంకర ఇంగ్లీషు పాడటమేమిటని ముక్కు విరిచినవాళ్ళు ఉండనే ఉంటారు. తెలుగులోనూ వాడుక భాషలో రాయడానికి గిడుగు రామమూర్తి ఎంత పోరాడాల్సి వచ్చిందో గుర్తు తెచ్చుకుంటే ఆ ముక్కు విరుపు మనకు కొత్త కాదు.

రెండో నిర్ణయం నిడివి. ఫెలా పాటలు పది, పదిహేను నిమిషాలు నడుస్తాయి. 1979 నాటి 'అన్‌నోన్ సోల్జర్' అరగంట దాటుతుంది. రేడియోకి పనికిరావు, మూడు నిమిషాలకు తెగిన పాటలకు అలవాటు పడిన చెవికి ఓపిక చాలదు. మన బుర్రకథ తెలిసినవాళ్ళకు మాత్రం ఇందులో వింతేమీ కనపడదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతగాళ్ళుంటారు. ఒకడు హాస్యం, రెండోవాడు రాజకీయం. కథ ఆపి మరీ లోకం తీరు మాట్లాడతారు, తందాన అంటూ మళ్ళీ కథలోకి వస్తారు. షేక్ నాజర్ బుర్రకథ అంత పదునెక్కింది ఈ కట్టుబడి వల్లే. ఫెలా పాటకూ అలాంటి కట్టుబడే ఉంది. ముందు టోనీ అలెన్ డ్రమ్స్ దరువు. రెండు కాళ్ళూ రెండు చేతులూ నాలుగు దారుల్లో పోతున్నట్టుండే ఆ దరువు లేకపోతే ఆఫ్రోబీట్ అనే బాణీయే లేదని ఫెలాయే ఒప్పుకున్నాడు. దాని మీద గిటార్లు ఒకే చిన్న ముక్కను విడవకుండా తిప్పుతాయి, బూరలు వచ్చి చేరతాయి, ఫెలా శాక్సోఫోన్ ఊదుతాడు. ఒళ్ళు ఆ నడకకు లొంగిపోయాక గానీ గొంతు విప్పడు. విప్పాక ఒక మాట ఆయన అంటే ఆడవాళ్ళ బృందం వంత పాడుతుంది. లాగోస్‌లోని తన 'ఆఫ్రికా ష్రైన్' క్లబ్బులో పాట మధ్యలో ఆపి పాలకుల్ని పేరు పెట్టి ఎగతాళి చేసేవాడు. పిజిన్‌లో దాన్ని 'యాబిస్' అంటారు. మన రాజకీయ వంత అదే.

1976లో వచ్చిన 'జాంబీ' పాట పన్నెండు నిమిషాలు. పైవాడి ఆజ్ఞ లేకుండా వేలు కదపలేని నడిచే శవం అని సిపాయిని వర్ణిస్తుంది. కవాతు మైదానంలో సుబేదారు అరిచే ఆదేశాలనే పిజిన్‌లో ఫెలా అరుస్తాడు. ప్రతి ఆదేశానికీ వంతగత్తెలు 'జాంబీ' అంటారు. ఇంగ్లీషులో వ్యాసం రాసి ఉంటే జనరల్స్ పట్టించుకునేవాళ్ళు కాదు. ఈ పాటను మాత్రం వీధిలో పిల్లలు సిపాయిల ముందే పాడారు. 1978లో ఘనా రాజధాని అక్రాలో ఇదే పాట మధ్యలో గొడవ రేగి, ఆయన్ను మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. అంతకు ముందే, 1977 ఫిబ్రవరి 18న, దాదాపు వెయ్యిమంది సైనికులు లాగోస్‌లోని ఆయన ఇంటిని చుట్టుముట్టారు. ఆ ఇంటికి ఆయన పెట్టుకున్న పేరు కలకుటా రిపబ్లిక్. తాను గడిపిన లాకప్ గదికి ఖైదీలు పెట్టుకున్న పేరు అది. మన కలకత్తా చీకటి కొట్టు కథ నుంచే అక్కడికి చేరిందంటారు. సైనికులు మగవాళ్ళను చితకబాదారు, ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు, ఇల్లు తగలబెట్టారు. డెబ్బై ఆరేళ్ళ ఫున్మిలాయోను కిటికీలోంచి కిందికి విసిరేశారు. ఆవిడ కోలుకోలేదు, 1978 ఏప్రిల్‌లో కన్నుమూసింది. విచారణ సంఘం నేరాన్ని 'ఎవరో తెలియని సైనికుడి' మీదికి నెట్టింది. ఆ మాటే 'అన్‌నోన్ సోల్జర్' పాటకు పేరయింది. 1979లో ఫెలా తల్లి పేరిట ఒక శవపేటికను మోసుకెళ్ళి దేశాధినేత ఒబసాంజో ఉన్న సైనిక స్థావరం గుమ్మంలో పెట్టి వచ్చాడు.

మన గద్దర్‌తో పోల్చాలనిపించడం సహజం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గొంగడి భుజాన వేసుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, పల్లె బాణీల్లో పాడాడు. 1997 ఏప్రిల్‌లో ఆయన ఒంట్లోకి తూటాలు దిగాయి. అదే ఏడు ఆగస్టు 2న ఫెలా పోయాడు. అయితే గద్దర్ దళిత కుటుంబంలో పుట్టినవాడు, ఫెలా పెద్దింటి బిడ్డ, పోలిక ఎలా కుదురుతుందని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. గద్దర్‌కు జనం భాష పుట్టుకతో వచ్చింది, ఫెలా నడిచి వెళ్ళి తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకటని నేననను. ఇద్దరి పాటకూ శ్రోత ఎవరన్నది మాత్రం ఒకటే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఆడవాళ్ళ విషయంలో ఉంది. మార్కెట్ ఆడవాళ్ళను కూడగట్టిన తల్లికి పుట్టినవాడు, 'లేడీ' పాటలో సమానత్వం అడిగే ఆడవాళ్ళను వెక్కిరించాడు. 1978లో తన బృందంలోని ఇరవై ఏడుగురిని ఒకేసారి పెళ్ళాడాడు. సైనిక దాడి తర్వాత బయట దిక్కులేని స్థితిలో వాళ్ళకు రక్షణ కోసమే అన్న వాదన ఒకటుంది. అందులో కొంత నిజం ఉండవచ్చు, కానీ ఆ వంత గొంతులకు ఆ ఇంట్లో సమానమైన మాట దక్కలేదన్నది కూడా నిజమే. ఆయన పాటలో సగం బలం ఆ ఆడవాళ్ళది. ఈ తప్పును ఆఫ్రికా సంప్రదాయం పేరుతో మాఫీ చేయకూడదు. పాట గొప్పదైనందుకు మనిషి చేసినవన్నీ ఒప్పు అయిపోవు.

పాట పాడి ఏం సాధించాడన్నది మరో ప్రశ్న. 1979లో అధ్యక్ష పదవికి పోటీ చేయబోతే పార్టీకి గుర్తింపే ఇవ్వలేదు. 1984లో బుహారీ సైనిక ప్రభుత్వం విదేశీ డబ్బు కేసు పెట్టి ఐదేళ్ళ శిక్ష వేసింది, ఇరవై నెలలు జైల్లో గడిపాడు. తర్వాత అదే ఒబసాంజో, అదే బుహారీ ఎన్నికల్లో గెలిచి మళ్ళీ దేశాన్ని ఏలారు. లెక్క చూస్తే ఓటమే. కానీ ఎయిడ్స్ సంబంధిత జబ్బుతో ఆయన పోయినప్పుడు లాగోస్‌లో పది లక్షలకు పైగా జనం వీధుల్లోకి వచ్చారు. ఆయన అన్న, మాజీ ఆరోగ్య మంత్రి ఒలికోయే, జబ్బు పేరు దాచకుండా లోకానికి చెప్పాడు. అప్పటిదాకా ఆ జబ్బు లేదన్నట్టున్న దేశం మాట్లాడటం మొదలుపెట్టింది. 2020 అక్టోబర్‌లో పోలీసు దాష్టీకానికి ఎదురుగా యువత రోడ్డెక్కినప్పుడు మైకుల్లో మోగింది ఫెలా పాటే. అప్పటి అధ్యక్షుడు బుహారీ. ఆ పిల్లల్లో చాలామంది ఫెలా పోయాక పుట్టినవాళ్ళు.

ఇవాళ ఢిల్లీ జిమ్ముల్లోనూ హైదరాబాద్ పెళ్ళిళ్ళలోనూ వినపడే రెమా 'కామ్ డౌన్' పాట ఆ నేల నుంచే వచ్చింది. 2021లో గ్రామీ అందుకున్న బర్నా బాయ్ తాత బెన్సన్ ఇడోనిజే ఒకప్పుడు ఫెలా మేనేజరు. ఆ పాటలకు కాలు కదిపే నగరమే ఆఫ్రికా వాళ్ళకు అద్దెకు గది ఇవ్వడానికి వెనకాడుతుంది. 2017లో గ్రేటర్ నోయిడాలో ఒక వదంతిని నమ్మి నైజీరియా విద్యార్థులను కొట్టిన గుంపును ఈ దేశం టీవీలో చూసింది. మునిర్కాలో గది తీసుకుని ఉన్న తెలుగు పిల్లలకు ఒక విన్నపం. 'జాంబీ' పన్నెండు నిమిషాలూ మధ్యలో ఆపకుండా వినండి. అర్థం కాని పిజిన్ మాట వస్తే ఫోనులో వెతక్కండి. పక్క గది తలుపు తట్టి, ఆ నైజీరియా అన్నను అడగండి.