అదే కుండ

కుమ్మరి ఆవములో నల్లని పచ్చికుండను పెట్టి ఎఱ్ఱని కుండను వెలికి తీయును. లోనికి పోయిన కుండయే వెలికి వచ్చినదా? లోకమునకు ఈ ప్రశ్న నవ్వు పుట్టించును గాని, మన తార్కికులకు ఇది శతాబ్దుల వివాదము.

వైశేషికులది పీలుపాకవాదము. పీలువనగా పరమాణువు. అగ్నిసంయోగముచే పచ్చికుండ పరమాణువులుగా విడిపోవును. వానియందు నలుపు నశించి ఎఱుపు పుట్టును. అవి మరల ద్వ్యణుకములై, త్ర్యణుకములై, తుదకు క్రొత్త కుండగా కూడుకొనును. ఇందులకు పట్టు క్షణములు తొమ్మిదియా, పదియా, పదునొకండా అని కూడ లెక్కించిరి! వింతగా తోచినను ఇది వట్టి మొండివాదము కాదు. కుండ చెక్కుచెదరక నిలిచియున్నచో దాని లోపలి అణువులను అగ్ని ఎట్లు తాకునని వారి ప్రశ్న.

నైయాయికులది పిఠరపాకవాదము. పిఠరమనగా కుండ. సూక్ష్మరంధ్రముల గుండ అగ్ని లోనికి చొచ్చును; కుండ కుండగానే యుండి రంగు మార్చుకొనును. ఆవములో ఒకదానిపై నొకటి పేర్చిన కుండలు కూలిపోవు, లెక్క తప్పదు, పచ్చిమంటిపై గీచిన గీత చెరగదు, చూచినవానికి “ఇది అదే” యను ప్రత్యభిజ్ఞ కలుగును. పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు, తన తర్కసంగ్రహమునకు తానే రచించిన దీపికలో ఈ రెండు మతములను పేర్కొనెను.

అయితే ప్రత్యభిజ్ఞను ఎంతవఱకు నమ్మవచ్చును? “అదే దీపము” అందుము. కాని జ్వాల క్షణక్షణము వేఱగుచున్నదని నైయాయికుడును అంగీకరించును. అచ్చట “అదే” యనగా “అట్టిదే” యని యర్థము. బౌద్ధులు ఈ సందుననే ప్రవేశించిరి. దీపమునకు ఒప్పినది కుండకేల ఒప్పరాదు? కార్యమును చేయగలిగినదే సత్తు. గాదెలోని గింజకు మొలకెత్తు సామర్థ్యమున్నచో నేడే ఏల మొలకెత్తదు? లేనిచో రేపు పొలములో మొలకెత్తునది వేఱొక గింజ. ఈ తర్కమును పదునొకండవ శతాబ్దమున రత్నకీర్తి క్షణభంగసిద్ధిలో నిశితముగా నడిపెను. ఆత్మతత్త్వవివేకమున ఉదయనాచార్యుడు బౌద్ధులకు చెప్పిన సమాధానము సులభమైనది, బలమైనది: సామర్థ్యమున్నను నీరు, నేల మొదలగు సహకారులు కూడవలెను, అవి ఆలసించినంత మాత్రమున గింజ వేఱు కాదు.

రచయితలకు ఇది పరాయి వివాదము కాదు. కథలో ఒక పాత్రను పదియేండ్ల తరువాత మరల “అతడు” అని పేర్కొన్న రచయిత, ఎఱుగకయే ఉదయనుని పక్షము వహించుచున్నాడు.

పీలుపాకములో కుండ విడిపోవుట ఎవరికిని కానరాదు. కన్నులయెదుట విడిపోయి కూడిన వస్తువు సంగతి యేమి? నాగార్జునసాగర జలాశయమున మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు జరిగినవి. బయల్పడిన బౌద్ధకట్టడములలో కొన్నిటిని విడదీసి, కొండపైకి చేర్చి, తిరిగి కట్టిరి. మఱికొన్నిటికి నమూనాలు నిర్మించిరి. అవయవముల సంయోగము నశించినచో అవయవి నశించునని న్యాయసిద్ధాంతము. వస్త్రమునుండి ఒక్క నూలుపోగు లాగినను పాత వస్త్రము పోయి క్రొత్తది పుట్టినదనునంత పట్టుదల వారిది. ఆ లెక్కను కొండమీద తిరిగి కట్టినదియు, నమూనాయు రెండును క్రొత్త కట్టడములే. భేదమొక్కటే: తిరిగి కట్టినదానియందు “అదే” యను మాట కట్టడమునకు చెల్లకున్నను, దానిలోని రాతికి చెల్లును. నమూనాలో రాతికిని చెల్లదు. ఆకారమునకు “అట్టిదే” యనుట మాత్రము చెల్లును.